ఆఖరి కార్బొరేటర్

టాప్‌గేరు బాబాయ్ ఆ ఆదివారం పొద్దున మేస్త్రి షెడ్డుకి వెళ్లింది ఒకే ఒక్క మాట చెప్పడానికి. "బండి స్టార్ట్ అవడం లేదు మేస్త్రీ." అంతే. ఆ మాత్రం మాట చెప్పడం ఆయనకి ఎంత కష్టమో ఆయన్ని ఎరిగినవాళ్లకే తెలుసు. అందరూ మాట మెల్లగా మొదలుపెట్టి వేగం అందుకుంటారు. ఈయన నోరు తెరవడమే టాప్ గేరులో తెరుస్తాడు కాబట్టి ఆ పేరు పడింది.

బండంటే కారు, దానికి ముప్పై ఎనిమిదేళ్లు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి కూడా చాలా ఏళ్లయింది. అయినా బాబాయ్ దాన్ని వదల్లేదు. వైరింగంతా కొత్తగా వేయించాడు, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు పెట్టించాడు, సీటు కవర్లకి నప్పే రంగు దొరకడం కోసం ఆర్నెల్లు తిరిగాడు. ఇప్పుడు ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బొరేటర్ అరిగిపోయింది. రిపేరుకి లొంగే దశ దాటిపోయింది. కొత్తది ఎక్కడా దొరకదు.

అదృష్టం కొద్దీ మేస్త్రి దగ్గర ఒకటి బయటపడింది. చూపు తగ్గిందని ఆయన నెలాఖరుకి షెడ్డు మూసేస్తున్నాడు. అటక మీద సామాన్లు దింపుతుంటే నూనె కాగితంలో చుట్టిన కార్బొరేటర్ కనబడింది, అచ్చం కొత్తది. ఆ మోడల్ బండ్లు ఊళ్లో మిగిలినవి రెండే, ఒకటి బాబాయ్‌ది, ఇంకోటి లెక్కల మాస్టారిది. మేస్త్రి ఇద్దరికీ కబురు పెట్టాడు. ఎవరి బండికి అవసరమో వాళ్లకి ఉత్తినే ఇచ్చేస్తాను, వచ్చి బండి సంగతి చెప్పండి అన్నాడు. మేస్త్రి పద్ధతే అంత. యజమాని తన నోటితో జబ్బు చెప్పందే బానెట్ మీద చెయ్యి వెయ్యడు. తనకి తెలిసినా సరే, యజమాని చెప్పాలి, మేస్త్రి వినాలి.

"అది రాకపోతే బండిని పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేద్దాం" అని పిన్ని తేల్చి చెప్పింది. "ఆ చోట నా కుట్టు మిషను పెట్టుకుంటాను. వెళ్లి ఆ ఒక్క ముక్కా చెప్పి, నోరు మూసుకుని, టీ తాగి రండి."

దారిలో బండి మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ ఎవరో ఒకరు వెనక నుంచి తోస్తేనే కదిలింది. షెడ్డు ముందుకి వచ్చి నాలుగోసారి దానంతట అదే ఆగింది కాబట్టి బాబాయ్ తనే ఆపినట్టు తాళం తిప్పి దర్జాగా దిగాడు.

షెడ్డు అరుగు మీద మేస్త్రి, రిటైరైన బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నారు. కాసేపటికి మాస్టారు కూడా చెమట తుడుచుకుంటూ నడిచి వచ్చాడు. నలుగురికీ టీలు వచ్చాయి. కార్బొరేటర్ మేస్త్రి ఒళ్లో ఉంది. ముందు మాస్టారు చెప్పాడు. "నాది పొద్దున పూట కాస్త దగ్గుతుంది మేస్త్రీ. నాలుగైదుసార్లు సెల్ఫు కొడితే అందుకుంటుంది. అంతకుమించి ఏం లేదు."

"మరి నీ సంగతేంటోయ్?" అన్నాడు మేస్త్రి, బాబాయ్ వైపు తిరిగి.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. చెప్పేద్దామనే అనుకున్నాడు. కానీ ముగ్గురు మనుషులు టీ గ్లాసులు పట్టుకుని తన మొహంకేసే చూస్తున్నారు. అలా చూస్తే ఆయన తట్టుకోలేడు.

"మొన్న ప్లగ్గులు నేనే తీసి గరుకు కాగితంతో రుద్దాను" అన్నాడు. అంతవరకు నిజమే.

"మంచి పని" అన్నాడు డ్రైవరు.

ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. "మంచి పనా? ఇంజను ఎంత మెత్తబడిందనుకున్నావ్! నిండా టీ పోసిన గ్లాసు బానెట్ మీద పెట్టి, బండి ఆన్‌లో ఉంచి, ఇంట్లోకెళ్లి స్నానం చేసి వచ్చాను. చుక్క ఒలికితే ఒట్టు! అసలు బండి ఆన్‌లో ఉందో లేదో నాకే అనుమానం వచ్చి మళ్లీ తాళం తిప్పబోయాను. సరే, ఇంజను ఇంత మెత్తగా ఉంటే కింద స్ప్రింగులు మొరటుగా ఉండటం ఏం మర్యాద అని వాటినీ మార్పించాను. మార్పించి, మా ఆవిడ అడిగిందని ముప్పై గుడ్ల ట్రే వెనక సీట్లో పెట్టుకుని వస్తున్నాను. మన పోస్టాఫీసు రోడ్డు తెలుసుగా, గుంతల మధ్య రోడ్డు వెతుక్కోవాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుడ్లు పగిలాయా?" అన్నాడు మాస్టారు.

"పగిలాయి మాస్టారూ, కానీ కుదుపుకి కాదు. లోపలి నుంచి పగిలాయి. బండి అంత నిలకడగా నడిచింది, ఇంజను వేడి అంత సమంగా తగిలింది, ఇంటికి చేరేసరికి ముప్పై కోడిపిల్లలు! వెనక్కి తిరిగి చూద్దును గదా, సీటంతా కియ్ కియ్‌మంటూ తిరుగుతున్నాయి."

"పోస్టాఫీసు నుంచి మీ ఇంటికి పది నిమిషాలు" అన్నాడు డ్రైవరు.

"ఆ రోజు కొంచెం నిదానంగా నడిపాను" అన్నాడు బాబాయ్, తొణక్కుండా.

డ్రైవరు పకపకా నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు, కార్బొరేటర్‌ని ఒళ్లో ఇటు నుంచి అటు తిప్పాడు. అది బాబాయ్ చూశాడు. చాలు, ఇక ఆపు, అసలు మాటకి రా అని తనని తాను తిట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే డ్రైవరు, "హారన్ కూడా మార్చావటగా?" అన్నాడు.

"హారన్ మాట మాత్రం ఎత్తకు!" అంటూ ఎత్తుకున్నాడు బాబాయ్. "లారీకి పెట్టే హారన్ బిగించాను. ఆ రోజు రైలు గేటు దగ్గర ఆగాను. గేటు వేసేసి ఉంది, దూరంగా రైలు వస్తోంది. మన ముందు ఒక స్కూటరాయన అడ్డంగా ఉన్నాడు కదా అని ఊరికే, ఇదిగో, వేలి చివరతో ఇలా తాకించాను. అంతే! గేటు దానంతటది పైకి లేచింది. రైలు కీచుమని ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలు నడిపే ఆయన తల బయటికి పెట్టి, 'మీరు ముందు వెళ్లండి సార్, మాకు తొందరేం లేదు' అన్నాడు. రైల్లో జనమంతా కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. నాకే మొహమాటమేసింది."

"లీటరుకి ఎంత ఇస్తోంది?" మాస్టారు అడిగాడు. ఆయన అడగడంలో వెటకారం లేదు, లెక్క తెలుసుకుందామనే.

"ఇవ్వడమా? అదే మాస్టారూ నా బాధ. నిండా పెట్రోలు పోయించి బయల్దేరతానా, పోయి వచ్చి చూస్తే ముల్లు ఇంకా పైకెక్కి ఉంటుంది. ఎక్కడి నుంచి లాగుతుందో ఏమో, గాల్లోంచే లాగుతుందో! దారిలో రెండుసార్లు ఆపి, ఆగిపోయిన వాళ్లెవరన్నా ఉంటే వాళ్ల బండ్లలో కాస్త కాస్త ఒంపి రావాల్సి వస్తోంది."

అప్పుడు మేస్త్రి నెమ్మదిగా అడిగాడు. "అవన్నీ సరేనోయ్. కార్బొరేటర్ ఎలా ఉంది?"

ఇంతకంటే తలుపు బార్లా తీసి పిలిచేవాళ్లు ఉండరు. బాబాయ్‌కి ఆ సంగతి తెలుసు. అరిగిపోయింది మేస్త్రీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ డ్రైవరు తాగుతున్న టీ ఆపి ముందుకి వంగాడు. ఇంకేముంది!

"కార్బొరేటరా? అది ఉందో లేదో చూసి ఎన్నాళ్లయింది! పోయిన నెల కొండ రోడ్డు ఎక్కుతుంటే కింద ఠంగుమని చప్పుడైంది. రాయి తగిలిందేమో అనుకున్నాను. నలభై కిలోమీటర్లు పోయాక బానెట్ ఎత్తి చూస్తే కార్బొరేటర్ లేదు! ఎప్పుడో ఊడి పడిపోయింది. అయినా బండి ఆగలేదు. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు కదా, అలవాటు మీదే నడిచేసింది."

మేస్త్రి తల ఊపాడు. "మంచిదోయ్. అలాంటి బండికి ఇదెందుకు, దండగ" అని కార్బొరేటర్ తీసి మాస్టారి చేతిలో పెట్టేశాడు.

బాబాయ్ ముప్పై ఎనిమిదేళ్ల బండిని తన నోటితో తనే ఇనుప సామాన్ల వాడి తూకంలోకి ఎక్కించాడు. చెయ్యి చాచి అడుగుదామంటే ఇప్పటిదాకా చెప్పిందంతా అడ్డం కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగితే టీ వేడిగా ఉందన్నట్టు గ్లాసు మీదికి వంగి ఊదుకున్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

మాస్టారు నూనె కాగితం విప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా చుట్టి, అరుగు మీద మేస్త్రికీ బాబాయ్‌కీ మధ్యలో పెట్టాడు.

"మేస్త్రీ, ఒక్క చిన్న లెక్క తప్పింది" అన్నాడు. "బాబాయ్ గారి బండి అలవాటు మీద నడవలేదు. ఇందాక మందుల షాపు దగ్గర నుంచి ఈ సందు మలుపు దాకా నా మీద నడిచింది. వెనక నుంచి తోసింది నేనే. ఈయన స్టీరింగ్ వదిలితే ఆగిపోతుందని వెనక్కి కూడా చూడలేదు. చెయ్యి మాత్రం కిటికీలోంచి ఊపారు, ఆ రైల్లో జనం ఊపినట్టు."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. తనకి పోటీగా వచ్చినవాడే తన బండిని తోసుకుంటూ తీసుకొచ్చాడు, పైగా చేతికొచ్చింది తిరిగి ఇస్తున్నాడు. ఆయనకి ఎంత సిగ్గేసిందో అంత హాయిగానూ ఉంది.

"ఇప్పుడు నీ నోటితో నువ్వు చెప్పు" అన్నాడు మేస్త్రి. "బండికేమైంది?"

బాబాయ్ తల దించుకున్నాడు. "స్టార్ట్ అవడం లేదు మేస్త్రీ."

"ఇంతేనా? ఈ ముక్కకి ఇంతసేపా?" అన్నాడు డ్రైవరు.

బాబాయ్ తల మళ్లీ లేచింది. "ఇంతేనా అంటావేంటి? స్టార్ట్ అవకపోవడమంటే అలాంటిలాంటిది అనుకున్నావా! ఈ భూమ్మీద నా బండిలా మొరాయించే బండి ఇంకోటి ఉంటే చూపించు! నిన్నటికి నిన్న పది ఏనుగులు తెచ్చి కట్టి లాగించాను..."

మేస్త్రి స్పానర్ పట్టుకుని లేచాడు. "మాస్టారూ, నేను బానెట్ ఎత్తుతాను. మీరు కాస్త ఈయన నోరు పట్టుకోండి."