పురిట్లో చిక్కిన పడుగు

"అవ్వా, మగ్గం చప్పుడు పాట లెక్క ఉంటాదంట గదా. నాయన నీ కడుపులో ఉన్నప్పుడు పని ఎట్ల చేసుకుంటివో చెప్పు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటాండా."

పాటనా? ఎవురు చెప్పినారు మే నీకు? అది పాటో ఏడుపో నా నడుమునడుగు. సరే, పట్టుకో. ఎర్ర చుక్క వెలుగుతాండాదా? సరే.

ముందర నీ సంగతి చెప్తా. నాకు కండ్లు మసకే గానీ గుడ్డిదాన్ని కాదు. పొద్దున నీకు పని ఇచ్చే ఆ హైదరాబాదామె కంప్యూటర్లో మాట్లాడేటప్పుడు చూస్తి. ఏడో నెల కడుపు నీది. ఆ కంప్యూటర్ మూత ఎనక్కి వంచి, మెడకాణ్నుంచి పైకే కనపడేట్ల కూసుంటివి. ఆమెకు తెలిస్తే పెండ్లి కార్డుల పని ఇంకొకరికి ఇచ్చేస్తాదని నీ భయం. నాకు నగొచ్చింది. యాభై ఏండ్ల కింద నేనూ అట్లే కూసుంటి.

ఎమ్మిగనూర్లో మేం నేసేటప్పుడు, మీరు ఫ్రీలాన్సంటారే, అదే మాదీ. నౌకరీ లేదు, టయానికి రమ్మనేవాడు లేడు, రాణి బతుకు. మగ్గం సావుకారిది, పడుగు సావుకారిది, నడుమొక్కటి నాది. పడుగంటే తెల్సుగదా, నిలువు పోగులు. ఒకసారి మగ్గానికెక్కిస్తే నాలుగు చీరలు దిగుతాయి. ఆ నాలుగూ అయినాక ఇంకో పడుగు ఇస్తే ఇచ్చినట్ల, లేదంటే లేదు.

సావుకారి శానా మంచోడు. కష్టమంతా ఆడనే. ఆడమనిషి కడుపుతో ఉండాదని తెలిస్తే చాలు, "తల్లీ, ఇశ్రాంతి తీసుకో" అని పడుగు తీసకపోయి ఇంకో ఇంట్లో ఇచ్చేటోడు. మా తోడికోడలికీ అట్లే ఇశ్రాంతి ఇచ్చె. దాని పెద్దోడు బడికి పోబట్టె, ఆయమ్మ ఇంగా ఇశ్రాంతిలోనే ఉండె, మాకు నూలు కండెలు చుట్టుకుంటా. పాపం, బొరుగుల ఉగ్గాని మాత్రం ఏం చేసేదనుకున్యావు, మిరపకాయ బజ్జీ నంజుకుంటే... ఆ, యాడుంటిమి?

అందుకే నా కడుపు దాస్తి. ఎట్లంటావా? గుంత మగ్గం గదా, కాళ్లు గుంతలో, నేసిన బట్ట చుట్టే దోనె కడుపుకు అడ్డం. సావుకారి చెప్పుల చప్పుడు వీధిలో ఇనపడితే మా అత్త దగ్గుతాది, నేను పరిగెత్తి గుంతలో దిగుతా. ఆయప్పకు నా మొకమే కనపడేది. ఎనిమిదో నెల దాకా అట్లే నెట్టుకొస్తి. లోపల్నుంచి మీ నాయన దోనెను తన్నేది, బయట్నుంచి నేను మగ్గం పలకతో పేక, అదే అడ్డం పోగు, కొట్టేది. ఇద్దరం కలిసి నేస్తిమిలే ఆ చీరలు.

మూడో చీర తీసకపోను వచ్చిన దినం సావుకారి దాన్ని చాప మీద పరిచి, ఈ కొసాణ్నుంచి ఆ కొస దాకా అరచెయ్యి రాసుకుంటా పోయె. పోయి పోయి ఒకచోట ఆగె. "ఈడి దాకా నేత గట్టిగుండాది. ఈణ్నుంచి పలచబడింది. ఎన్నో నెలమ్మా?" అనె.

ఎట్ల తెల్సిందంటావా? కడుపు పెరిగేకొద్దీ నేను ఎనక్కి జరుగుతాంటి గదా. ఎనక్కి జరిగితే చెయ్యి అందదు, దెబ్బ ఆనదు. గుంతలో దాచింది బట్ట మీద నేసి పెట్టుంటి, చూడు నా తెలివి.

"ఇశ్రాంతి తీసుకో తల్లీ, రేపు మనిషిని పంపి పడుగు తీపిస్తా" అని పాయ. నాలుగో చీర అప్పటికి సగం నేసింది మగ్గం మీదనే ఉండె. ఆ రాత్రే నాకు నొప్పులొచ్చె. తెల్లారేసరికి మీ నాయన పుట్టె, నెల ముందరే, గుప్పెడంత.

సావుకారి మనిషి వస్తే మా అత్త వాకిట్లోనే నిలబెట్టి, "పురుడప్పా, పదకొండు దినాలు మైల. ఇంట్లో పోగు ముట్టగూడదు, బయటికి పోగూడదు" అనె. వాడు ఎట్లొచ్చినాడో అట్లే పాయ. అప్పుడు తెల్సింది మే నాకు. మైల నన్ను మూల కూసోబెట్టింది గానీ, పడుగును గుడ నాతో కూసోబెట్టింది.

నాలుగో దినం సావుకారే వచ్చె. ఆ సగం చీర ఎవురికనుకున్యావు? ఆయప్ప కూతురి సీమంతానికి! ఆ పిల్లకు ఏడో నెల, ముహూర్తం ఇంగ వారమే. గడప దాటితే మైల అంటుకుంటాదని వీధిలోనే నిలబడి, "అమ్మా, మగ్గం మాది గదా. మీ ఇంటి పురుడు మా మగ్గానికి ఎట్ల తగుల్తాది? ఎవరితోనన్నా నేపియ్యి" అనె.

మా అత్త నిమ్మళంగ, "నీ మగ్గమైతే నువ్వే లోపలికొచ్చి నేసుకోప్పా, ఎవరొద్దన్యారు?" అనె.

వీధి వీధంతా నగిరి. కడాకు, సీమంతం చీర సగంలో ఇడిస్తే కీడని, సావుకారి సీమంతం తొమ్మిదో నెలకు జరుపుకునె. పడుగు మా ఇంట్లోనే ఉంటాదని వీధిలో పదిమంది ముందర మాటిచ్చె. ఆ కూతురి కడుపు నా కడుపు కోసం కాచుకునిందని మా అత్త ఏడాది పొడుగునా చెప్పుకుని మురిసె.

ఏం, కండ్లల్లో నీళ్లు పెట్టుకుంటాండావు, కత బాగుండాదనా? ఇంగ మిగిలింది ఇను. పన్నెండో దినం నీళ్లు పోసుకుని గుంతలో దిగితి. పక్కన తట్టలో పిల్లోడు ఏడుస్తాండాడు, రొమ్ము కారి చీర అంచు తడిసిపాయ. పన్నెండో దినం గుంతలో దిగేదానికి, అంత దాచి నేను గెల్సుకునిందల్లా అది. ఇప్పటికీ వాన మబ్బు పడితే నడుము గుర్తు చేస్తాది.

అందుకే చెప్తాండా. ఆమెకు చెప్పెయ్. ఇన్ని నెలలు చెయ్యను, ఆ తర్వాత చేస్తా అని నోటితో చెప్పు. పని పోతే పోనీ. మా పదకొండు దినాలకైనా మైల కాపలా ఉండె. మీ ఇండ్లల్లో మైలా లేదు, గడప కాడ నిలబడి మాట్లాడే అత్తా లేదు. ఇంగ నీకు నువ్వే చెప్పుకోవాల.

అదో, మోగుతాండాది. ఆమేనా? ఎత్తు, ఎత్తు. ముందర ఆ మూత కొంచెం కిందికి వంచు. ఇంగొంచెం... ఆ, అంతే. కనపడనీ. సల్లంగుండు తల్లీ, నువ్వూ, నీ లోపలి బిడ్డా... మాట్లాడు, నేనేం ఇనన్లే.