మూడో బిందె

నాగర్‌కర్నూల్ బస్తీలో నల్లా నీళ్లు ఇంకా వదల్లేదు. బిందెల వరుస పక్కన ఒక పెద్దామె, ఆమె పక్కింటి చిన్నామె కూర్చున్నారు.

"పెద్దమ్మా, గా మూడో బిందె ఎవలది? దాంట్ల ఎవ్వరు నీళ్లు పట్టంగ చూడలె."

"గౌసియాది."

"వాళ్లు పూనకు పోయి ఆర్నెల్లాయె గదా!"

"అయితేంది? పొద్దుగాల నేనే తెచ్చి పెడ్త. వరుస కదిలినప్పుడు జరుపుత."

"ఉత్త బిందె జరుపుతే ఏమొస్తది?"

"జాగ పోకుంట ఉంటది. ఒక్క దినం బిందె లేకుంటే ఆ జాగ ఇంకొకరిదైతది. మళ్లొచ్చినంక ఆఖరుకు పోయి నిలవడాలె. ఆడిదాంక నీళ్లొస్తయా?"

"వాళ్లు మళ్లొస్తరంటవా?"

"మిల్లు బందైందని పోయిన్రు. మిల్లు తెరుస్తే వస్తరు."

"వాళ్లున్న ఇంట్ల కిరాయికి వేరేటోళ్లు దిగిన్రు, ఎరుకనా?"

"దిగనీ. వాళ్ల బిందె ఆఖరున పెట్టుకున్నరు."

నల్లా వచ్చింది. పెద్దామె తన బిందె నింపుకొని, గౌసియా బిందెను ఖాళీగానే ముందుకు జరిపి పక్కన పెట్టింది.

"నీ వరుసొచ్చింది, పట్టుకో బిడ్డా."

"సగం చాలు పెద్దమ్మా."

"సగమేంది?"

"మాపటి బస్సుకు మేం గూడ పోతున్నం. బొంబాయిల సెంట్రింగు పని దొరికింది మా ఆయనకు. ఈ బిందె... నీ దగ్గర పెట్టిపోనా?"

పెద్దామె చిన్నామె బిందెను నల్లా కిందికి జరిపింది.

"పెట్టిపో. గుర్తుకు ఏదన్న గుడ్డపేలిక కట్టు బిడ్డా. నీదాంతోని పోయినోళ్ల బిందెలు అయిదైతయి, ఏది ఎవలదో మర్చిపోత."