ఎదురుగాలిలో బెల్టు సైకిల్

"ఊరికే చర్చి దాకా పోయొద్దామనుకున్నానర్రా, అంతే," అని మొదలెట్టాడు వొబ్బె, రేవు దగ్గర మైండర్ట్ చేపల బండికి ఆనుకుని.

వొబ్బె ఒకప్పుడు పడవ సరంగు. ఆదివారం కరకట్ట మీద ఎదురుగాలి పందెం. ఊరికొక్కరే తొక్కాలి. సైకిళ్ల దుకాణం హిల్తె, చైను బదులు బెల్టుతో నడిచే కొత్త సైకిల్ ఇస్తానంది. ఎక్కేది వొబ్బెనా, పాలవాళ్ల రెన్స్కెనా అన్నది ఈ పూట ఇక్కడే తేలాలి. తనకే దక్కాలని వొబ్బెకి ప్రాణం పీకుతోంది.

"హిల్తె పొద్దున్నే, కాస్త తొక్కి చూడు అంది. ఎక్కాను. చైను లేదు, నూనె లేదు, కిర్రు లేదు కర్రు లేదు. కట్ట మీద గొర్రెల మధ్యలోంచి పోతే ఒక్కటి తలెత్తలేదు, తెలుసా?"

"గొర్రెలు ఎవరొచ్చినా తలెత్తవు బాబాయ్," అంది రెన్స్కె.

"నువ్వాగమ్మా. అప్పుడు లేచింది గాలి. నిన్నటిది కాదు, దానమ్మ మొగుడు! నేను తొక్కుతున్నా, అది తోస్తోంది, నేను తొక్కుతున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలికే సిగ్గేసి వెనక్కి తిరిగింది!"

"అబ్బో," అన్నాడు మైండర్ట్, నూనెలో చేపముక్కలు తిప్పుతూ.

"అబ్బో ఏంట్రా? గాలి తిరిగితే గాలిమర రెక్కలు తిరగవా? అవీ వెనక్కి తిరిగాయి. లోపల విసిరిన పిండంతా మళ్లీ గోధుమలైపోయింది. మిల్లువాడు బస్తాలు పట్టుకుని ఏడుస్తుంటే నేనే ఓదార్చి బయల్దేరా. ఆగానంటావా? ఆగలేదు. పోతూ పోతూనే ఓదార్చా."

"మరి సముద్రం అడ్డమొచ్చిందేమో?" అంది రెన్స్కె.

"వచ్చింది! పోటు మీదుంది. అయితేనేం, టైరు తడవకుండా పోయా. దీవికెళ్లే పడవ అప్పటికే సగం దూరంలో ఉంది. దాటేశా. పైనుంచి జనం చేతులూపారు. నేనూ ఊపా, రెండు చేతులూ. దీవిలో కాఫీ తాగి తిరిగొస్తుంటే, నా నీడ ఇంకా అటే పోతూ ఎదురొచ్చింది. 'ఒరేయ్, ఇంటికి పద' అన్నా."

నవ్వులు. వొబ్బె ఉబ్బిపోయాడు. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు, చూసుకోలేదు.

"అసలు గండం రేవు వంతెన దగ్గరర్రా. పడవ పోవాలని వంతెన పైకెత్తేశారు. నేనేమో ఉరుములా వస్తున్నా. మీరైతే ఏం చేస్తారు? ఇంకొకడైతే కెవ్వుమంటాడు. నేను నిమ్మళంగా పెడళ్లు ఒక్కసారి వెనక్కి తొక్కా. ఠక్కున ఆగింది! ముందు చక్రం గాల్లో, వెనక చక్రం నేల మీద. కొంగొచ్చి హ్యాండిల్ మీద వాలింది."

"వెనక్కి తొక్కావా?" అని వెనకనుంచి హిల్తె గొంతు.

వొబ్బె మొహం పాలిపోయింది. "ఆ… పుట్టినప్పట్నుంచీ అట్లాగే కదా ఆపుతాం."

"మన ఊరి పాత సైకిళ్లన్నీ వెనక్కి తొక్కితేనే ఆగుతాయి, నిజమే. కానీ ఆ సైకిలుకి వెనక్కి తొక్కితే పడే బ్రేకే లేదయ్యా. పెడళ్లు ఖాళీగా తిరుగుతాయి, సైకిల్ దాని దారిన అది పోతుంది. బ్రేకులు చేతుల దగ్గరున్నాయి. అందుకే కదా ఇప్పుడు కొక్కెం వేసి దాన్ని మా పెరటి కాలువలోంచి లాగాను! నువ్వు మా గేటు కూడా దాటలేదు. పైగా చెప్పకుండా ఇంటికి పరిగెత్తావా, బట్టలు మార్చుకోడానికి?"

మైండర్ట్ గరిటె పక్కన పడేసి పొట్ట పట్టుకున్నాడు. రెన్స్కెకి నవ్వాగక కళ్లల్లో నీళ్లొచ్చాయి. వొబ్బెకి చచ్చేంత సిగ్గేసింది, కానీ నోరు ఊరుకుంటేనా!

"సరే, బ్రేకు లేదు. ఒప్పుకున్నా. బ్రేకు లేని సైకిల్ని ఒక్క కాలువతో ఆపిన మగాడు ఈ ఊళ్లో ఇంకెవడున్నాడో చెప్పండి!"

"ఎవడూ లేడు," అంది హిల్తె. "రెన్స్కె, ఆదివారం నువ్వెక్కమ్మా. నువ్వు చేత్తో ఆపు, చాలు."