ఐలవ్వ వదినె సీస

ఆ సీస ఇటియ్యి హర్షిణీ. వద్దు వద్దు, నీ దగ్గర్నే ఉంచుకో, నేను ముట్ట. గట్ల జూస్తవేందే, తాతకు మతి దప్పిందనా? నీళ్లు పరీక్ష జేసెతందుకు రేపొచ్చే సార్లకు వాగు నీళ్లు నింపిస్తవా? నింపి ఇయ్యి. గిట్లనే మా ఐలవ్వ వదినె గూడ... మీ నాయిన పుట్టకముందు ముచ్చట. నోరు పెద్దది తల్లీ! 'ఏమోయ్ మరిదీ, మీసమొచ్చింది, బుద్ధెప్పుడొస్తదోయ్?' అంటుండె. రాలే. గదే చెప్తున్న. మందుల కంపెనీ పెట్టినంక దాని మురికినీళ్ల మోరి తెచ్చి మన వాగుల కలిపిన్రు. ఎర్ర నురుగు, మురిగిన గుడ్ల వాసన. మా బర్రె పొద్దుగాల తాగి మాపటికల్లా కాళ్లు చాపింది. ఇగ వదినె అందర్ని మోరికి ఎగువకు, కోసెడు దూరం నడిపిచ్చింది. ఆడ ఇసుకల చెలిమ తోడుకొని బిందెలు మోసుకొచ్చుడు. గంతల ఎవరో చెప్పిన్రు, ఢిల్లీల చట్టం జేసిన్రు, నీళ్లు ఖరాబు జేసెటోనికి జైలేనని. సిద్దిపేటకు నడిచి నడిచి అర్జీలు పెట్టింది. 'నాకు సదువు రాకుంటేంది, నా ఏలిముద్రకు నోరుంది' అనేది.

రెండేండ్లకు నీళ్లు పరీక్షకు తీస్కపోను బూట్లేసుకొని సారొచ్చిండు. బురదల దిగుతడా? వదినె సాచ్చం చెప్పెటోళ్లను పిలువ వోయింది. సారు నా చేతుల సీస వెట్టి, 'వాగు నీళ్లు నింపుకరా' అని జీపుల కునుకు దీసిండు. మనింటికి కొత్తమనిషొస్తే నీళ్లెట్లిస్తం జెప్పు? గంత పెద్దసారుకు నురుగు నీళ్లియ్యాల్నా? సిగ్గనిపిచ్చింది బిడ్డా. ఎగువకు ఉరికిన. కొత్త చెలిమ తోడి, తువ్వాల నాలుగు మడతలేసి వడగట్టి, తళతళ మెరిసెటట్టు నింపిన. శభాష్ అంటడనుకున్న! సీలేసుకొని వోయిండు.

నెలకు కాయితమొచ్చింది. నీళ్లు మంచిగున్నయట. ఊరంత నవ్వింది. వదినె నవ్వలే. 'మరిదీ, ఏడ నింపినవ్?' అన్నది. భయమైంది నాకు. 'మోరి కాడ్నే వదినా' అన్న. 'అయితే నేనే పొరబడ్డనేమో' అని ఎగువకు పోవుడు బందు వెట్టింది. మోరికి దిగువన, ఇంటి ముంగటి చెలిమలనే ముంచుకున్నది. రెండో వానకాలం జూడలే.

గీ మాట ఎవ్వల్కి చెప్పలే. ఏడువకు. పొద్దట్నుంచి మల్ల గదే వాసనొస్తుంది, నీకొస్తలేదా? మోరి కాడ్నే నింపు బిడ్డా. నురుగు నురుగు లెక్కనే. నేను ఎగువకు పో అంటే గూడ ఇనకు... అగో, మన బర్రె తాడు తెంపుకున్నది! వాగు దిక్కే పోతుంది... ఉరుకు హర్షిణీ, తాగనియ్యకు, ఉరుకు!