మెడ వెనక గీత

కుర్చీలో కూర్చున్న పాత గిరాకీ తల వంచగానే, సెలూన్ పెద్దాయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

“ఈ మెడ వెనక గీత నా చేతిది కాదు సార్. ఎదురు షాపువాడిది.”

“ఒక్కసారే వెళ్ళానండీ.”

“పదిహేనేళ్ళ నమ్మకం! దీన్ని ద్రోహం అంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు.”

“నేనిక్కడ తిన్నదేముందండీ? నా జుట్టే మీకు వదిలి వెళ్ళాను.”

“మాటలకేం, బాగానే చెప్తారు.”

“మరి మీ క్రాపు ఎవరు చేశారు? మీ మెడ వెనకా అదే గీత ఉంది. వెనకద్దంలో కనిపిస్తోంది.”

“నా తల నేను కత్తిరించుకోలేను కదా! అందుకని రోడ్డు దాటుతాను. అది అవసరం సార్, ద్రోహం కాదు.”

“మీ అల్లుడు ఇక్కడే పనిచేస్తాడుగా?”

“వాడా? వాడి చేతికి నా తల ఇస్తానా!”

“పోయిన నెల మీరు నా తల ఇచ్చింది ఆయన చేతికే. దాన్ని సరిచేయించుకోడానికే నేనూ రోడ్డు దాటాను.”

పెద్దాయన ఒకసారి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“మెల్లగా అనండి సార్. మా అమ్మాయి చెవిన పడితే నన్ను ద్రోహి అంటుంది.”