డానియల్ తీసిన రేసు ఫొటో

ఏందే పూజా, కెమెరా ముంగటేసుకొని గట్ల మొఖం పెట్టినవ్? ఇటు తే, సూడనీ. ఓర్నీ, బండి స్టాండేసి ఉన్నట్టుంది గదే! ఉరుకుతాందా? నువ్వంటున్నవ్, ఫొటో అంటలేదు. షట్టర్ ఎంత పెట్టినవ్? రెండు వేలా! సెకండుల రెండు వేలో వంతుల ఉరుకుడేడ కనబడుతది! అగో, డానియల్ గూడ మొదలు గదే పెట్టిండు. ఎరికలేదా? నా మెకానిక్ షాపు పక్కపొంటే ఆయన ఫొటో స్టూడియో ఉండె. ఆయన పోయి ఆరేండ్లాయె. కొత్తకోట సుట్టుముట్టు ఏ లగ్గమైనా ఆయననే పిలిచేటోళ్లు. తాళి కట్టేటప్పుడు పంతులును సుత ఆపేటోడు. 'అయ్యగారూ, జర ఆగుండ్రి. పిల్లగా, చెయ్యి గట్లనే ఉంచు, ఇటు సూడు, నవ్వు.' గాయన పున్యాన నా కొడుకు, అదే మీ నాయిన, మూడో ముడి రెండుసార్లేసిండు.

ఆఁ, రేసు ముచ్చట గదా. తెలంగాణ వచ్చిన మరుసటేడు, ఎండకాలం. నువ్వు నారాయణపేటల మీ అమ్మమ్మ కాడున్నవ్. హైవే పక్కన ప్లాట్లు చేసిన బీడుల పోరగాండ్లు బండ్ల రేసు పెట్టిండ్రు, రెండు ఐతారాలు. ఫొటోలకు డానియల్. అందరి చేతులకు ఫోన్లొచ్చి స్టూడియోకు ఎవ్వరు వస్తలేరు, గీ ఫొటోలు మంచిగొస్తేనన్న పేరు నిలబడుతదని ఆయన ఆశ. ఏం చేసిండో ఎరికేనా? బండ్లు మూల మలుగుతుంటే ఎదురుంగ నిలబడి చెయ్యెత్తి 'ఆగుండ్రి! ఇటు సూడుండ్రి!' అన్నడు. అలవాటు! దానికంటే తమాష, ముగ్గురు నిజంగనే ఆగిండ్రు. బ్రేకేసి, హెల్మెట్ అద్దం లేపి నవ్విండ్రు. వాళ్ల లగ్గాలు తీసింది గాయనే మరి! రేసు పెట్టిన విజేందర్ నెత్తి కొట్టుకున్నడు. 'డానియల్ మామా, గిది రేసే, లగ్గం గాదు!' ఇగ భయానికి దూరం నిలబడి రెండు వేల మీద తీసిండు. చక్రం పుల్లలు లెక్కపెట్టొచ్చు గని ఉరుకుడు లేదు. చాయ్ హోటల్ల ఒకటే నవ్వుడు, 'పార్కింగు ఫొటోలు మంచిగొచ్చినయే డానియల్!' పాపం, రెండ్రోజులు స్టూడియో తెరవలే.

మూడోనాడు ఆయన ఇంటామె గ్రేసమ్మ ఉరికొచ్చింది. 'లింగన్నా, మా ఆయన హైవే కాడ లారీలను సూసి నడుము తిప్పుతున్నడు, గాలి గిట్ల సోకిందేమో సూడే!' పోయిన. వచ్చే బస్సు, పోయే లారీ, అన్నిటి ఎంబడి కెమెరా తిప్పుతున్నడు. 'ఇన్నేండ్లు మందిని ఆపిన లింగన్నా. గీడ ఎవ్వడు ఆగడు. నేనే వాని ఎంబడి పోవాలె' అన్నడు. షట్టర్ మెల్లగ, అరవై. కాళ్లు కదలద్దు, నడుము తిరగాలె. తిరుగుతుంటేనే నొక్కాలె, నొక్కినంక గూడ ఆగద్దు. గప్పుడు బండి సాఫుగొస్తది, ఎనకున్నదంత గీతలైతది. నువ్వు గూడ రేపు రేసు కాడ గిట్లనే తియ్యి బిడ్డా.

రెండో ఐతారం తీసిందే మన గోడ మీది ఫొటో. ఎర్రబండి మీద మీ నాయిన, ఎనక లోకమంత గీతలు. అడ్డ మీద ఫ్లెక్సీ కట్టిండ్రు. నవ్వినోళ్లే దాని ముంగట సెల్ఫీలు దిగిండ్రు. డానియల్ చాయ్ గిలాస పట్టుకొని సంబురానికి ఏడ్చిండు బిడ్డా, నేను సూసిన. మంచోడు. యాదికొస్తె ఇప్పటికి దుఃఖమొస్తది.

ఏంది? మీ నాయిన ఫస్టొచ్చిన ఫొటోనా? గట్లని చెప్పిండా నీకు! అందరికంటె ఎనకొచ్చిందే మీ నాయిన పరమేషు! ఫ్లెక్సీ సూసి రేసు సూడనోళ్లు ఫస్టనుకొని దండలేసిండ్రు, నేను, డానియల్ నోరు మూసుకున్నం. డానియల్ నా ఒక్కని చెవులనే చెప్పిండు, 'ముందటోళ్లు నా నడుముకు అందలే లింగన్నా. మీ పిల్లగాడొక్కడే అందిండు.' సచ్చేదాక ఇంకెవ్వరికి చెప్పలే గాయన. నేనే ఇయ్యాల నోరు జారిన...

అగో, బండి సప్పుడు. మీ నాయినే. ఏమనకు. కెమెరా పట్టుకొని గేటు కాడికి ఉరుకు. అరవై పెట్టు. మెల్లగనే వస్తడు, నీకు అందుతడు.