ఖడ్గానికి సొంతవాక్యం

అల్లుడి చేతిలో కూతురు చచ్చిపోయిన పదోరోజున, మనవరాలి టీసీ కోసం వచ్చిన ముసలమ్మ మాస్టారి బల్లమీద నోటుపుస్తకం తెరిచి పెట్టింది.

“ఈ ఎర్రసిరా మీదేనా మాస్టారూ?”

“నాదేనమ్మా. పదాలకు సొంతవాక్యాలు రాయమన్నాను.”

“నేను వేలిముద్రదాన్ని. పిల్లేం రాసిందో చదివిపెట్టండి.”

“‘నాన్న వస్తాడని అమ్మ దిండు కింద ఖడ్గం పెట్టుకుని పడుకుంటుంది.’”

“కింద మీరేం రాశారు?”

ఆయన తలెత్తలేదు. “ఖడ్గం రాజులు యుద్ధంలో పట్టేది. ఇళ్ళల్లో ఉండేది కత్తి అని.”

“ఇంకేం రాయలేదా?”

“లేదమ్మా.”

“తారీఖుందా?”

“మూడు.”

“పదహారున చంపాడు.”

“నన్ను తిట్టమ్మా.”

“తిట్టడానికి రాలేదు బాబూ. అప్పుడే నాకెందుకు చెప్పలేదే అని పిల్లనడిగాను. మాస్టారు చదివి కూడా ఏమీ అడగలేదు, అందరిళ్ళల్లోనూ ఇంతేనేమో అనుకున్నానంది.”